తీరిక

తెలుగులో ‘తీరిక’ యను మాట ‘తీరు’ అను క్రియనుండి వచ్చినది. పని తీరినది; కనుక తీరిక చిక్కినది. ‘తీరుబడి’ యనునదియు ఇట్టిదే. ఈ మాటలు పుట్టించినవారి దృష్టిలో పని యనునది ఎప్పటికైనను తీరెడు వస్తువు. చేను కోసి, కుప్ప వేసి, కుప్ప నూర్చి, గింజలు గాదెకు చేర్చినచో ఆ పని తీరినట్లే. ఇంకను చేయుదమన్నను చేయుటకు ఏమియు మిగిలియుండదు. అటుపైని వచ్చు నాలుగు దినములు తీరిక. దానిని ఒకరిని అడిగి పుచ్చుకొననక్కరలేదు. ఒకరి కంటబడకుండ దాచుకొననక్కరలేదు.

నేడు మనలో పెక్కుమంది చేయు పనులు ఇట్లు తీరునవి కావు. ఒక కాగితమునకు జవాబు పంపినచో దానినుండి రెండు కాగితములు పుట్టును. రాత్రి భోజనమునకు కూర్చున్నవానికి సెల్‌ఫోనులో కార్యాలయపు వార్త వచ్చును. దానిని చూచిన పిదప అన్నము సహింపదు, చూడకున్నచో నిద్ర పట్టదు. ‘తీరిక లేదు’ అని చెప్పుట యిప్పుడు కుశలప్రశ్నకు మామూలు సమాధానమైనది. ఆ సమాధానములో కొంత గర్వమును, కొంత దుఃఖమును కలసియుండును. ఏది ఎంతయో చెప్పువారికే తెలియదు.

పని తీరనిదైనపుడు తీరిక ఎక్కడినుండి రావలెను? ఇది ఒక్కొక్క మనిషి తన మనోనిగ్రహముచేత సంపాదించుకొనదగినదా, లేక పదిమంది కలసి ఏర్పాటు చేసికొనవలసినదా? ఈ ప్రసంగములో మేము విచారింపదలచినది ఇంతే.

వెనుకటి కాలమంతయు తీరికయే యని చెప్పుట మా యుద్దేశము కాదు. కోడి కూయక ముందే లేచి తిరగలి ముందు కూర్చున్న ఇల్లాలికిని, సంవత్సరమునకొక బేరముగా కుదిరి మోతుబరి ఇంట రాత్రింబవళ్ళు ఉండిన పాలేరునకును ఎంత తీరిక యుండెనో మనము ఊహింపవచ్చును. అయినను వారు కాలమును చెప్పుకొనిన పద్ధతి వేరు. బారెడు పొద్దెక్కినదనిరి. అంబటిపొద్దు అనిరి, అది అంబలి త్రాగు వేళ. పసులు ఇంటికి మరలి దుమ్ము రేగు వేళను గోధూళి యనిరి. దీపము పెట్టు వేళ, ఊరు మాటుమణిగిన వేళ అనిరి. ఈ పేర్లన్నిటిలోను కాలమునకు పక్కనే ఒక పని కాని, ఒక విశ్రాంతి కాని కనిపించుచున్నది. సంవత్సరమును సైతము ఇట్లే చూచిరి. రోహిణికార్తెలో ఎండ, మృగశిరలో చినుకు, ఆరుద్రలో నాటు. పదమూడు పదునాలుగు దినములకొక కార్తె మారును. దానితోపాటు చేయవలసిన పనియు, మానవలసిన పనియు మారును.

ఈ మాట వినగానే కొందరు, ‘పూర్వులకు కచ్చితముగా కాలమును కొలుచుట తెలియదు, అందుచేత వారికి తొందర లేదు’ అందురు. ఇది సరికాదు. అడుగున సన్నని రంధ్రము గల రాగిగిన్నెను నీటిపై విడుతురు. నీరు మెల్లమెల్లగా లోనికెక్కి గిన్నె మునిగిపోవును. అది యొక గడియ. అనగా 24 నిమిషములు. అట్టి గడియలు 60 చేరినచో ఒక పగలును ఒక రాత్రియు. గడియను తిరిగి 60 విఘడియలు చేసిరి. విఘడియ యనగా 24 సెకండ్లు. ఏడున్నర గడియలు ఒక జాము. పెండ్లిముహూర్తమును విఘడియలతో సహా లెక్కగట్టిన సంఘమునకు కొలత తెలియదనుట ఎట్లు? మన ‘గడియారము’ అను మాటలో ఆ గడియ నేటికిని కూర్చుండియున్నది. కాని తాళి కట్టుట కాగానే ఆ సూక్ష్మగణనముతో ఎవరికిని పని లేదు. భోజనముల పంక్తిలో విఘడియలు లెక్కించినవారు లేరు. కచ్చితముగా కొలుచుట దోషము కాదు. కొలిచి ఏమి చేయుచున్నామన్నదే చూడవలసినది.

గడియారము పట్టణములను దాటి పల్లెలకు నడచివచ్చినది రైలుబండితో. మద్రాసులో 1792 నాటి వేధశాల ఒకటి యుండెను. అచ్చటి లెక్క ప్రకారము మద్రాసు కాలము గ్రీనిచ్ కాలమునకు 5 గంటల 21 నిమిషముల 14 సెకండ్లు ముందు. రైళ్ళు దేశమంతట వ్యాపించినపుడు రైల్వేలవారు ఈ మద్రాసు కాలమునే పాటించిరి. 1906 జనవరి 1వ తేదీనుండి 82 డిగ్రీల 30 నిమిషముల రేఖాంశమును ఆధారముగా గొని దేశమున కంతటికి ఒకే కాలమును ఏర్పరచిరి. మిర్జాపూరు మీదుగా దిగి మన కాకినాడ సమీపమున సముద్రమును చేరు రేఖ యిది. మద్రాసులో గడియారములు తొమ్మిది నిమిషములు ముందుకు జరిగినవి. అంత చిన్న మార్పు అక్కడి జనమునకు పట్టలేదు. బొంబాయిలో ముప్పదితొమ్మిది నిమిషములు జరుపవలసివచ్చినది. నూలుమిల్లుల కార్మికులు కొందరు ఆ నెలలోనే ఎదురుతిరిగిరి. వారికి గ్రీనిచ్‌తో తగవు లేదు. తెల్లవారుట మారలేదు, మిల్లు గంట మాత్రము ముందుకు వచ్చినది. కోల్పోవునది తమ నిద్రయని వారికి తెలిసిపోయినది.

ఇంగ్లీషు చరిత్రకారుడు ఇ. పి. థాంప్సన్ 1967లో ప్రకటించిన ఒక ప్రసిద్ధవ్యాసములో ఈ మార్పును విశదపరచెను. యంత్రశాలలు రాకముందు మనుషులు చేయవలసిన పనినిబట్టి నడచుకొనిరి. యంత్రశాలలు వచ్చిన పిదప గంటనుబట్టి నడచుకొనవలసివచ్చినది. కూలి యిచ్చువాడు కొనుచున్నది కాలము కనుక, అందులో ఒక నిమిషము ఊరక పోయినను తన సొమ్ము పోయినట్లు భావించును. నాటినుండి కాలము గడచుట మాని ఖర్చగుట మొదలిడినది. మన భాషలో దీనికొక సాక్ష్యమున్నది. ‘కాలక్షేపము’ అనునది ఒకప్పుడు గౌరవమైన మాట. పురాణకాలక్షేపమునకు ఊరంతయు కదలివచ్చెడిది. హరికథాకాలక్షేపము చేయువానికి శాలువ కప్పెడివారు. ఇప్పుడు ‘వాడు కాలక్షేపము చేయుచున్నాడు’ అన్నచో అది నింద. మాట మారలేదు, అక్షరము మారలేదు, మనము మారితిమి.

గంటకు లోబడిన మనిషికి ఆ గంటలనే లెక్కించి హద్దు పెట్టించుకొనుట తప్ప వేరు దారి లేకపోయినది. మన దేశములో ఈ కథ నూరేండ్లకు పైబడినది. నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వమున బొంబాయి మిల్లుకార్మికులు ఏండ్లతరబడి అడుగగా 1890 జూన్ 10వ తేదీన మిల్లుయజమానులు ఆదివారపు సెలవునకు ఒప్పుకొనిరి. నేడు మనము ఆదివారమును సూర్యచంద్రులవలె అనాదినుండి ఉన్నదానినిగా అనుభవించుచున్నాము. అది అడిగి తెచ్చుకొనినది. 1911 నాటి చట్టము బట్టలమిల్లులలో పురుషులకు దినమునకు 12 గంటలు మించరాదన్నది. అనగా అంతకుముందు మించుచుండెనని అర్థము. 1919లో అంతర్జాతీయ కార్మికసంస్థ తన మొట్టమొదటి ఒడంబడికలో దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని నిర్ణయించినది. భారతదేశమునకు మాత్రము 60 గంటల వరకు వెసులుబాటు ఇచ్చినది. ఆ 60 గంటలు 1922లో మన చట్టములోని కెక్కినవి. 1934లో అవి 54 అయినవి. డాక్టర్ అంబేద్కరు వైస్రాయి కార్యవర్గములో కార్మికశాఖను చూచిన కాలమున ప్రతిపాదింపబడిన సవరణచే 1946లో 48 అయినవి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము దానిని నిలిపి, అయిదుగంటల పనికొక అరగంట విరామము ఉండవలెనని కూడ చెప్పినది. అరువదినుండి నలువదియెనిమిదికి దిగుటకు ఇరువదినాలుగు సంవత్సరములు పట్టినది.

ఈ హద్దులు పెట్టిన ప్రతిసారియు ‘పని గంటలు తగ్గినచో ఉత్పత్తి తగ్గును, దేశము వెనుకబడును’ అను వాదము వినవచ్చినది. జర్మనీలోని యేనా పట్టణమున కటకములు, సూక్ష్మదర్శినులు తయారుచేయు జైస్ కార్ఖానాలో ఎర్న్‌స్ట్ అబ్బే అను భౌతికశాస్త్రవేత్త 1900లో పని దినమును తొమ్మిది గంటలనుండి ఎనిమిదికి తగ్గించెను. ఆయన శాస్త్రవేత్త కనుక ఊరకొనక, ముందు సంవత్సరపు లెక్కలను, తరువాతి సంవత్సరపు లెక్కలను పక్కపక్కన పెట్టి పోల్చెను. తొమ్మిది గంటలలో అయిన పని ఎనిమిది గంటలలో అయినది. కొంత ఎక్కువయే అయినది. మొదటి ప్రపంచయుద్ధములో బ్రిటనువారు ఆయుధకర్మాగారములలో ఆదివారము లేకుండ పనిచేయించి, గుండ్లు చాలక, 1915లో ఒక సంఘమును వేసి విచారింపజేసిరి. గంటలు తగ్గించినను సరుకు తగ్గలేదని, కొన్నిచోట్ల పెరిగినదని ఆ విచారణలో తేలినది. అలసిన చేతిలో కాలము ఉండును గాని పని ఉండదు.

ఇందులో మన రైతులకు కొత్త యేమియు లేదు. ట్రాక్టరు రాకముందు అరక కట్టినవారు చీకటితో పొలమునకు పోయి, ఎండ ముదరకముందే కాడి విప్పెడివారు. సాయంత్రము వరకు దున్నించినచో ఆ పూటకు మరి రెండు సాళ్ళు పడును. మరునాడు ఎద్దు లేవదు. కొన్ని పల్లెలలో సోమవారము బసవన్నవారమని చెప్పి ఆ దినమున ఎద్దును కాడికి కట్టనేకట్టరు. ఎద్దునకు అలుపు వచ్చినది లేనిది చూచి, ఆ పూట విప్పుట కాదిది. అలుపు వచ్చినను రాకున్నను సోమవారము సోమవారమే. ఊరంతయు పాటించును గనుక ఒకడు తన పొరుగువానికంటె వెనుకబడుదునను భయము లేదు. ఈ రెండవ సంగతి చాల ముఖ్యమని మాకు తోచుచున్నది. ఒక్కడే కాడి విప్పి, పక్కచేనిలో అరకలు సాగుచుండగా గట్టుమీద కూర్చుండుట విశ్రాంతి కాదు, అది బెంగ.

దీనికంటె పెద్ద ఉదాహరణము మన డెల్టాలలో ఏటేటా కనబడును. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్టతో గోదావరి నీరు కాలువలకెక్కినది. ఆ తరువాత కొలది యేండ్లకే విజయవాడవద్ద కృష్ణకును ఆనకట్ట వచ్చినది. నీరే ఐశ్వర్యమైన ఆ సీమలో, వేసవిలో కొన్ని వారములపాటు కాలువలు కట్టివేయుదురు. ఎరుగనివారికి ఇది వింతగా తోచును. సరిగా నీటికై నోరు తెరచు ఎండకాలములో కాలువను ఎండబెట్టుట యేమి? కాని నీరు పారుచున్నంతకాలము అడుగున పేరుకొనిన పూడిక కానరాదు. గుర్రపుడెక్క అల్లుకొనిపోవును. లాకుల తలుపులు తుప్పు పట్టును, తూములు కదలిపోవును, గట్లకు లోలోపల గండ్లు పుట్టును. వీనిని బాగుచేయుటకు కాలువ ఖాళీగా ఉండవలెను. ఈ పని సరిగా జరుగని సంవత్సరమున చివరి భూములకు నీరు అందదు. మొదటనున్నవారు తమ చేను తడిసినదని సంతోషింతురు. కాలువ కొసనున్నవారు ఆకాశము వంక చూతురు.

ఇక్కడ గమనింపదగినది మరియొకటి యున్నది. కాలువలు కట్టివేయు తేదీని ముందుగానే ప్రకటింతురు. ఆ తేదీలోగా ఊరూరను మంచినీటి చెరువులు నింపుకొందురు. ఆ చెరువు నిండినపుడే ఊరికి ధైర్యము. కాలువ ఆగినను బిందె ఆగదు. చెరువు నింపకుండ కాలువ కట్టినచో దానిని ఎవరును మరమ్మతు అనరు, కరువు అందురు. విశ్రాంతినిగూర్చి బోధించువారు తరచుగా మరచునది ఈ చెరువును. ‘కొంచెము ఆగుము, నెమ్మదిగా ఉండుము, ఊపిరి పీల్చుము’ అని చెప్పుట సులభమే. ఆగినచో తినుటకేమున్నదో ఎవరు చూడవలెను?

నేలకు సైతము ఇట్టి ఏర్పాటొకటి డెల్టారైతు చేసిపెట్టెను. వరి కోతకు ముందు ఆ చేనిలోనే మినుములో పెసలో చల్లును. కోత అయిన పిదప మిగిలిన తేమతోనే అవి మొలచి పండును. ఆ పైరు వేళ్ళు నేలకు సత్తువ నిచ్చును. మరికొందరు జనుము, జీలుగ చల్లి పూతకు రాగానే భూమిలోనే కలియదున్నుదురు. అది చూచి ఇంత పైరును వృథాచేసినారే యని ఎవరును అనరు. విశ్రాంతి యనగా ఊరక పడియుండుటయే కాదు. వేరొక నెమ్మదిపని చేయుటయు విశ్రాంతియే.

సముద్రము విషయములో ఈ సూత్రమును ప్రభుత్వము చట్టముగా చేసినది. తూర్పుతీరములో ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవలతో చేపలవేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమది. భీమునిపట్నము మొదలు నిజాంపట్నము వరకు పడవలు ఒడ్డెక్కును. వలలు అల్లుట, చెక్కలకు కీలు పూయుట, ఇంజనులు విప్పి శుభ్రపరచుట ఆ రెండు నెలల పనులు. ఒక పడవవాడు మాత్రమే ఆగి తక్కినవారు వేటకు పోయినచో ఆగినవాడు మూర్ఖుడనిపించుకొనును. అందరును ఆగుదురు గనుక చేప పెరుగును. ఆ దినములలో మత్స్యకారుల కుటుంబములకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము భృతి యిచ్చుచున్నది. దానిని 2019లో 10,000 రూపాయలకును, 2025లో 20,000 రూపాయలకును పెంచిరి. రెండు నెలలకు ఆ సొమ్ము చాలునా యన్న చర్చ అటుంచి, ఇది మేము చెప్పిన మంచినీటి చెరువే. వల ఆగినను పొయ్యి ఆగకుండుటకు ఎవరో ముందుగా ఆలోచించిరి.

చెరువు లేనివారి సంగతి చూడుడు. గుంటమగ్గముమీద నేయువానికి కూలి గంటకు కాదు, నేసిన బట్టకు. వానలకు గుంటలోనికి నీరు చేరినచో మగ్గము ఆగును. పైకి చూచుటకు అదియు ఒక విరామమే. ఇంటివారు దానిని విరామమనరు, పస్తు అందురు. నగరములో మోటారుసైకిలుమీద భోజనపు పొట్లములు చేరవేయు కుర్రవాడు ఈ నేతగానికి తమ్ముడు. అతనికి గంటలు చెప్పు యజమాని యెవడును ఎదుట నిలువడు. ఎప్పుడైనను మానుకొనవచ్చునని చెప్పుదురు. కాని పొట్లమునకింత అని కూలి కట్టినపుడు, మానుకొనుటకు గల స్వాతంత్ర్యము ఆకలితో ఉండుటకు గల స్వాతంత్ర్యమే యగును. వీరికి కాలముతో స్నేహము చేయుడని ప్రసంగించుటకు మాకు నోరు రాదు.

గంటలు తగ్గునని నమ్మిన పెద్దలు లేకపోలేదు. ఆర్థికశాస్త్రవేత్త కీన్స్ 1930లో ఒక వ్యాసము వ్రాయుచు, నూరేండ్లకు మనుమల కాలమున వారమునకు పదునైదు గంటలు పనిచేసిన చాలునని ఊహించెను. ఆ గడువు 2030తో నిండుచున్నది. యంత్రముల విషయములో ఆయన ఊహ తప్పలేదు. తీరిక విషయములో తప్పినది. మన రెండు తెలుగు రాష్ట్రములలోను 2025లో దినమునకు పది గంటల వరకు పనిచేయించుటకు వీలు కల్పించు నిర్ణయములు వెలువడినవి. ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యాక్టరీలకును, తెలంగాణములో వాణిజ్యసంస్థలకును. వారమునకు 48 గంటల హద్దు నిలిచియే యున్నది; అదే సంవత్సరము నవంబరు 21నుండి అమలులోనికి వచ్చిన కొత్త కార్మికసంహితలలోను అది యున్నది. నాలుగు దినములు ఎక్కువ పనిచేసి ఐదవ దినమున ఇంటికి తొందరగా పోవచ్చునన్నచో మంచిదే. కాని దినపు హద్దు జరిగినంత సులభముగా వారపు హద్దు నిలుచునా యని కనిపెట్టియుండుట అవసరము. ప్రపంచ ఆరోగ్యసంస్థయు, అంతర్జాతీయ కార్మికసంస్థయు కలసి 2021లో ప్రకటించిన అంచనా ప్రకారము, వారమునకు 55 గంటలు, అంతకు మించి పనిచేయుటవలన కలిగిన పక్షవాతముచేతను, గుండెజబ్బుచేతను ఒక్క 2016లోనే ప్రపంచమున 7,45,000 మంది మరణించిరి. 35 మొదలు 40 గంటలు పనిచేయువారితో పోల్చిచూచినచో వీరికి పక్షవాతపు ముప్పు 35 శాతము ఎక్కువ. గుండెజబ్బుతో మరణించు ముప్పు 17 శాతము ఎక్కువ.

సెల్‌ఫోను ఈ లెక్కలను మరింత చిక్కుపరచినది. మిల్లు గంటకు ఒక సుగుణమున్నది. అది సాయంకాలమునకూడ మ్రోగెడిది. ఫోనుకు సాయంకాలపు గంట లేదు. మాదాపూరు మేడలలో అమెరికా పగటిని అనుసరించి రాత్రులు పనిచేయు పిల్లలకు ఏది సాయంకాలమో చెప్పుట కష్టము. ఫ్రాన్సు దేశములో 2017 జనవరి 1నుండి, ఏబదిమందికి తక్కువకాని ఉద్యోగులు గల సంస్థలు పనివేళల తరువాత ఫోనునకు దూరముగానుండు హక్కునుగూర్చి ఉద్యోగులతో మాటాడవలెనని చట్టము వచ్చినది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టులో ఇట్టి హక్కు అమలైనది. ‘ఫోనును మేడమీద పెట్టి క్రింద పరుండుడు’ అని ఒక్కొక్కరికి సలహా చెప్పుటకంటె ఇది మేలు. పైయధికారియే రాత్రి పదింటికి సందేశము పంపుచుండగా క్రిందివాడు ఒక్కడే ఫోను మూసికొని ఎట్లు నిద్రించును? ముందు విప్పవలసినది పెద్ద అరక.

చట్టము వచ్చువరకు చేయుటకేమియు లేదా యని అడుగవచ్చును. మా వృత్తిలోని ఒక చిన్న పద్ధతి చెప్పెదము. ఆకాశవాణిలో సెకండ్లకు ఉన్న ఆధిపత్యము మరెక్కడను ఉండదేమో. ఫిక్సెడ్ పాయింట్ చార్టు అను పట్టికలో ఏ కార్యక్రమము ఎన్నింటికో ముందే వ్రాసియుండును. వార్తలకు వేళయైనచో ఎంతటి విద్వాంసుని పాటయైనను ఆగవలసినదే. ఇట్టి చోట పనిచేయు మేము, ప్రసంగము చదువవచ్చినవారికి మొట్టమొదట చెప్పునది తొందరపడవద్దనియే. వ్రాతప్రతి పెద్దదైనచో కూర్చుండి కొన్ని పేరాలు కొట్టివేయుదుము. అంతేగాని వేగము పెంచి చదువనీయము. వేగముగా చదివినచో ప్రతి వాక్యమును ప్రసారమగును, ఒక్కటియు చెవి కెక్కదు. కాలము పెరుగదని తెలిసినపుడు తగ్గింపదగినది కాగితమే. ఒక దినమునకు పది పనులు వ్రాసికొని ఆరు మాత్రమే అయినవని రాత్రి చింతించువారు ఉదయముననే నాలుగు కొట్టివేసినచో ఆ ఆరింటినైనను కుదురుగా చేయుదురు. ఏ నాలుగు కొట్టవలెనో తేల్చుకొనుటయే కష్టము. అది ప్రసంగకర్తలకును కష్టమే. తమ మంచి వాక్యమును కొట్టివేసినందుకు మాతో మాటలు మానుకొనినవారును గలరు.

ఇంటి సంగతి చెప్పక ఈ విషయము ముగియదు. కార్యాలయమునకు ఆదివారము వచ్చినది, వంటయింటికి రాలేదు. జాతీయ గణాంకకార్యాలయమువారి 2019 నాటి కాలవినియోగసర్వే ప్రకారము, కూలి లేని ఇంటిపనులు చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు వానికి వెచ్చించుచుండిరి. అట్టి పనులు చేయు పురుషులు 97 నిమిషములు. 2024 సర్వేలో స్త్రీలకు 289, పురుషులకు 88 నిమిషములు తేలినవి. ఐదేండ్లలో స్త్రీకి పది నిమిషములు తగ్గినవని సంతోషింపబోవునంతలో, పురుషుడును తన వంతునుండి తొమ్మిది నిమిషములు తగ్గించుకొనినట్లు కనబడుచున్నది. మన ఇండ్లలో సెలవుదినమున ఫలహారము రెండు రకములగును, భోజనము ఆలస్యమగును, చుట్టములు వత్తురు. ఇంటిల్లిపాదికి సెలవైన దినముననే ఆమెకు పని రెట్టింపు.

కాలువలు కట్టినట్లు వంటయింటికిని ఒక పూట తేదీ నిర్ణయించి ముందుగా చెప్పవచ్చును. చెరువునుగూర్చి చింత లేదు. వేసవిలో మామిడికాయలు తరిగి, ఆవపిండి కొట్టి, నూనె పోసి ఏడాదికి సరిపడ జాడీలలో నింపి పెట్టినది ఆ యిల్లాలే. ఆ పూటకు జాడీ మూత తీసినచో కూర సిద్ధము. పెరుగు తోడుపెట్టియేయున్నది. అన్నమొక్కటి వండవలెను, బియ్యమునకు నీరెంతయో మగవారు ఒకసారి అడిగి తెలిసికొనినచో చాలును.